బండికి జబ్బు చేస్తే

వెనకటి కారుకు జబ్బు చేస్తే ముందు ముక్కుకు తెలిసేది, తరువాత చెవికి తెలిసేది. అంబాసిడరు కారున్న ఇంట్లో పదేళ్ల కుర్రవాడు కూడా "నాన్నా, ఫాను బెల్టు అరుస్తున్నట్టుంది" అని చెప్పగలిగేవాడు. బానెట్టు ఎత్తితే లోపల ఇంజనూ, దాని చుట్టూ బోలెడంత ఖాళీ. తీగెలు లెక్కపెట్టదలుచుకుంటే లెక్కపెట్టవచ్చు. ఆ కారు తయారీ 2014లో ఆగిపోయింది. యీనాటి కారు బానెట్టు ఎత్తితే నల్లని ప్లాస్టిక్ మూత ఒకటి కనిపిస్తుంది. దాని కింద ఏమున్నదో మనకూ తెలియదు, అమ్మిన కుర్రవాడికీ తెలియదు. జబ్బు చేసినప్పుడు మటుకు ఎదురుగుండా డాష్‌బోర్డు మీద ఇంజను బొమ్మతో చిన్న పసుపు దీపం వెలుగుతుంది. అది వెలిగిన రోజున మధ్యతరగతి ఇంట్లో అన్నం సయించదు.

తరువాతి తంతు మీకు తెలిసిందే. మెకానిక్కు చేతిలో ఇమిడే పరికరం ఒకటి తెచ్చి స్టీరింగు కింద వున్న గూటిలో తగిలిస్తాడు. దాని మీద ఒక అక్షరమూ నాలుగు అంకెలూ పడతాయి. దాన్ని కోడు అంటారు. ఆ కోడు చూసి, ఫలానా సామాను పోయిందండీ అంటాడు. మనం డబ్బు కడతాం. పదిరోజులకు మళ్లీ దీపం! యీ బాధ పడనివారు మా మండపేటలో తక్కువే. మీ వూళ్లోనూ అంతే అయివుంటుంది. అంచేత యీ వారం ఆ కోడు గురించే నాలుగు మాటలు చెప్పదలుచుకున్నాను. ఆ కోడు సాధారణంగా అబద్ధం చెప్పదు. కాని అది చెబుతున్నదొకటి, మనం వింటున్నది ఒకటి.

అసలీ దీపం పుట్టింది కారు యజమాని సౌకర్యం కోసం కాదు, వూళ్లో వాళ్ల వూపిరి కోసం. అమెరికాలో లాస్ ఏంజిలిస్ నగరాన్ని కార్ల పొగ కమ్ముకుంటే, కాలిఫోర్నియా రాష్ట్రం వారు చట్టం మీద చట్టం చేశారు. 1988 సంవత్సరపు కార్లు మొదలుకొని, పొగను అదుపులో పెట్టే భాగాలు చెడితే ఆ సంగతి కారే చెప్పుకోవాలన్నారు. 1996 నుంచి అమెరికాలో అమ్మే కార్లన్నిటికీ ఒకే రకం గూడు, పదహారు పిన్నులది, వచ్చింది. ఒకే రకం కోడులూ వచ్చాయి. మన దేశంలో యీ ఏర్పాటు భారత్ స్టేజి నాలుగు నియమాలతో 2010లో మొదలై, 2013లో రెండో మెట్టు ఎక్కింది. 2020 ఏప్రిల్ 1న స్టేజి ఆరు వచ్చాక ఇంకా కట్టుదిట్టమయింది.

అంతకు ముందు కూడా కొన్ని కార్లలో కోడు వుండేది గాని పరికరం అక్కరలేకపోయేది. గూటిలో రెండు పిన్నులను తీగ ముక్కతో కలిపితే దీపమే మిణుకు మిణుకుమని లెక్క చెప్పేది. ఒకసారి మిణికి, ఆగి, రెండుసార్లు మిణికితే పన్నెండన్నమాట. సుజుకీ వారి పాత బండ్లలో పన్నెండంటే అంతా క్షేమమని అర్థం. తంతి ఆఫీసులో పనిచేసి రిటైరైన పెద్దలకు యీ పద్ధతి మహా ముచ్చటగా వుండివుండాలి.

ఇప్పటి కోడులో మొదటి అక్షరం, జబ్బు ఏ పేటలో వున్నదో చెబుతుంది. 'పి' అయితే ఇంజనూ గేర్లూ. 'బి' అయితే తలుపులు, అద్దాలు, గాలిసంచులు. 'సి' అయితే బ్రేకులూ స్టీరింగూ. 'యు' అయితే కారులోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే తీగెలు. (కారులో ఒక కంప్యూటరే వుంటుందని నేననుకోవటం లేదు, మీరూ అనుకోకండి. తలుపుకొకటి, బ్రేకుకొకటి కూడా వుండవచ్చు.) తరువాతి అంకె సున్న అయితే అది కంపెనీలన్నిటికీ ఉమ్మడి కోడు, ఒకటి అయితే చాలావరకు ఆ కంపెనీవారి సొంత కోడు. ఇంతవరకూ వీధిపేరూ, ఇంటినంబరూ తెలిశాయి. ఇంట్లో ఎవరికి జబ్బో తెలియలేదు. అక్కడే వస్తున్నది చిక్కంతా.

మా మేనకోడలు కారు సంగతి చెబితే మీకు విశదమవుతుంది. ఆమె రామచంద్రపురంలో ఒక బడిలో పంతులమ్మ. రోజూ కారు తనే నడుపుకుంటుంది. కిందటి వానాకాలంలో ఒక రాత్రి ద్వారపూడిలో రైలు దిగిన అత్తగారిని ఎక్కించుకుని వస్తున్నది. కాలవగట్టు మీద, నడుస్తున్న బండి నడుస్తున్నట్టే ఆగిపోయింది. ఇంజను ఆగితే ఆగింది, స్టీరింగు రాయిలా బిగుసుకున్నది. బ్రేకు రెండు మూడు తొక్కులకే గట్టిపడిపోయింది. ఒక పక్క నిండుగా కాలవ, వెనకాల ధాన్యం లారీ. ఉన్న వూపులోనే ఎలాగో మార్జిను మీదికి లాగి నిలిపింది. పావుగంట తరువాత తాళం తిప్పితే, ఏమీ ఎరగనట్టు స్టార్టయింది. అత్తగారు మటుకు ఆ తరువాత నెలరోజులు బస్సులోనే ప్రయాణం చేసింది.

పట్నంలో పెద్ద వర్కుషాపుకు తీసుకువెళ్లారు. 'పి 0335' అని కోడు పడింది. సెన్సరు పోయిందన్నారు, మార్చారు. పన్నెండు రోజులకు మళ్లీ ఆగింది. మళ్లీ అదే కోడు. మళ్లీ మార్చారు, యీసారి వుచితంగానే. మూడోసారి ఆగేసరికి, ఇక కంప్యూటరే మార్చాలి, నలభై వేల పైచిలుకవుతుందన్నారు. డల్లాసులో వున్న తమ్ముడికి ఫోను చేస్తే, అతనూ కోడు చూసి, "అవునక్కా, సెన్సరనే వుంది, అది మార్చినా పోలేదంటే కంప్యూటరే అయివుంటుంది" అన్నాడు.

అప్పుడు మా మేనకోడలు ఒక ప్రశ్న అడిగింది. "మావయ్యా, సెన్సరు పోయిందని కోడు చెప్పిందా, వాళ్లు చెప్పారా?"

పిల్లల చేత పరీక్షలు రాయించే మనిషి గనక ప్రశ్నపత్రం పూర్తిగా చదివే అలవాటున్నది. పి 0335కు కంపెనీలన్నీ ఒప్పుకున్న అర్థం 'క్రాంక్‌షాఫ్ట్ పొజిషన్ సెన్సర్ సర్క్యూట్' అని. వర్కుషాపు వారు 'సెన్సర్' దాకా చదివి ఆగారు. చివర వున్న 'సర్క్యూట్' అనే మాట ఎవరికీ పట్టలేదు.

ఆ సెన్సరు చేసే పని ఇది. ఇంజనులో ప్రధానమైన ఇరుసుకు పళ్లచక్రం ఒకటి వుంటుంది. ఆ పళ్లు ఎదుటినుంచి పోతుంటే సెన్సరు లెక్క కడుతూ కంప్యూటరుకు కబురు పంపుతుంది. ఆ కబురును బట్టే ఎప్పుడు పెట్రోలు చిమ్మాలో, ఎప్పుడు నిప్పు రాజెయ్యాలో కంప్యూటరు నిర్ణయిస్తుంది. చాలా బండ్లలో ఆ కబురు ఆగితే ఇంజను ఆగుతుంది. కబురు రావాలంటే సెన్సరు ఒక్కటి బాగుంటే చాలదు. దానికి సరఫరా తీగె వుండాలి, ఎర్తు తీగె వుండాలి, కబురు మోసే తీగె వుండాలి, మధ్యన వున్న కనెక్టర్లన్నీ బిగువుగా వుండాలి. యీ మొత్తాన్నీ కలిపి సర్క్యూట్ అంటారు. కంప్యూటరు ఒక చివర కూర్చుని వుంటుంది. వీధి చివర ఇంట్లో ఆసామీకి పొద్దున్న పాలు రాలేదనుకోండి. పాలు రాలేదని మటుకు చెప్పగలడు. గేదె చేపలేదో, పాలవాడి సైకిలు పంక్చరయిందో, సందు మొదట్లో కుక్క అడ్డుపడిందో అతనికి ఎలా తెలుస్తుంది? మా మేనకోడలు విషయంలో జరిగిందేమిటంటే, పాలు రాలేదన్నందుకు రెండుసార్లు గేదెను మార్చారు. మూడోసారి ఆసామీనే మార్చమన్నారు.

మా వూళ్లో ఒక కారు ఎలక్ట్రీషియన్ వున్నాడు. రైస్ మిల్లు మోటార్లకు తీగె చుట్టటంతో జీవితం ప్రారంభించి, లారీ డైనమోల మీదుగా కార్లలోకి వచ్చాడు. ఆయన దగ్గరకు వెళ్లాం. పరికరం తగిలించగానే మొదట అన్నమాట, "ఆయ్, కోడు ఎవరూ చెరపకండమ్మా" అని. ఇది బంగారం లాంటి మాట. దీపం వెలిగిన క్షణంలో బండి ఎంత వేగంతో వున్నది, ఇంజను ఎన్ని చుట్లు తిరుగుతున్నది, ఎంత వేడి మీద వున్నది అనే వివరాలు కంప్యూటరు కోడుతోపాటు ఫొటో తీసినట్టు దాచిపెడుతుంది. చాలామంది మెకానిక్కులు మొదట చేసే పని కోడు చెరిపెయ్యటం. దానితో ఆ ఫొటో కూడా పోతుంది. దొంగ వేలిముద్రలు పడ్డ గాజుగ్లాసును కడిగిపెట్టి పోలీసులకు కబురు చేసినట్టే.

ఆయన ఆ వివరాలన్నీ పెన్సిలుతో అట్టముక్క మీద రాసుకున్నాడు. ఇంజను బాగా వేడెక్కి వున్నప్పుడే ఆగినట్టు తేలింది. తరువాత బ్యాటరీ చూశాడు. నిలబడివున్న బండిలో 12.6 వోల్టులు, నడుస్తున్నప్పుడు 14.1. "ఇది సరిగా లేకపోతే మిగతావి చూడటం దండగండి" అన్నాడు. నీరసించిన బ్యాటరీ చేత కంప్యూటర్లు సంధి ప్రేలాపన ప్రేలుతాయి. ఎవరూ చెడకపోయినా అందరి మీదా ఫిర్యాదులు రాస్తాయి.

ఆ తరువాత సెన్సరు దగ్గర కనెక్టరులో మీటరు పెట్టాడు. సరఫరా తీగెలో రావలసిన 5 వోల్టులూ వస్తున్నాయి. ఎర్తు తీగెకూ బ్యాటరీ నెగటివుకూ మధ్య, ఇంజను నడుస్తుండగా కొలిచాడు. అక్కడ వోల్టులో పదోవంతు కూడా కనపడకూడదు. కనపడలేదు. మామూలుగా అయితే ఇక్కడితో "తీగెలు బాగానే వున్నాయి" అనేస్తారు. ఆయన అనలేదు. మీటరు అలాగే వుంచి, ఇంజను వేడెక్కే దాకా టీ తాగి వచ్చి, అప్పుడు తీగెల కట్టను ఒక చివరనుంచి జానెడు జానెడు చొప్పున కదుపుతూ పోయాడు. గేరుబాక్సు పైన, ఇనప క్లాంపు దగ్గర చెయ్యి పడేసరికి మీటరులో అంకె ఎగిరింది, ఇంజను టక్కున ఆగింది. మా మేనకోడలు ఉలిక్కిపడింది. మేస్త్రీ మొహం మటుకు వికసించింది. "ఆయ్! దొరికిందండి" అన్నాడు.

టేపు విప్పితే లోపల ఎలక పళ్ల గాట్లు. అంగుళం మేర తొడుగు లేదు. రాగి తీగెలు ఆకుపచ్చగా చిలుము పట్టి, రెండు మూడు పోగులు మటుకు వేలాడుతున్నాయి. చల్లగా వున్నంతసేపు ఆ పోగులు తాకుతున్నాయి. వేడీ, కుదుపూ, చెమ్మా కలిసినప్పుడు విడిపోతున్నాయి. మెరిసే రాగి కనపడే దాకా రెండు వైపులా కోసి, అదే లావు తీగె కలిపి, టంకం వేసి, వేడికి బిగుసుకునే తొడుగు తొడిగి, క్లాంపుకు తగలకుండా పక్కకు జరిపి కట్టాడు. అన్నిటికీ కలిపి ఏడువందల రూపాయలు పుచ్చుకున్నాడు. పట్నం వర్కుషాపునుంచి పాత సెన్సరు అడిగి తెచ్చుకునే బుద్ధి మా మేనకోడలుకు వుండబట్టి, దాన్ని కూడా తగిలించి నడిపి చూపించాడు. నిక్షేపంలా నడిచింది.

ఆ రోజే మరో బండి మీద ఒక తమాషా చూపించాడు. నీళ్ల వేడిని చెప్పే సెన్సరుది పి 0118 కోడు. దీని అర్థంలో 'హై ఇన్‌పుట్' అని వుంటుంది. అంటే వేడి ఎక్కువని కాదు, వోల్టులు ఎక్కువని. ఆ సెన్సరు కనెక్టరు వూడదీయగానే పరికరం మీద వేడి సున్నకు దిగువ నలభై డిగ్రీలని పడింది. మండపేటలో! తీగె తెగితే కంప్యూటరుకు అలాగే తోస్తుందట. తరువాత కనెక్టరులో రెండు తీగెలనూ ఒకదానితో ఒకటి కలిపాడు. వెంటనే నూరు డిగ్రీలు దాటి ఎక్కడికో పోయింది. "చూశారాండీ, రెండు కొసలకూ పలికింది. అంటే తీగెలూ బాగున్నాయి, కంప్యూటరూ బాగుంది. ఇక్కడ నిజంగానే సెన్సరు పోయిందండి" అన్నాడు. రెండు నిమిషాల పని. సామాను కొనక ముందు చేస్తే కొనాలో వద్దో తేలుతుంది.

ఇంకొక సూత్రం కూడా ఆయన దగ్గర విన్నాను. ఒకేసారి మూడు నాలుగు సెన్సర్ల మీద కోడులు పడితే, అన్నీ ఒకే ముహూర్తాన పోయాయని నమ్మవద్దు. వాటన్నిటికీ సరఫరా చేసే 5 వోల్టుల తీగె గాని, వాటన్నిటి ఎర్తు గాని ఒకటే అయివుంటుంది, అది చూడాలి. వీధంతా దీపాలు ఆరిపోతే ఎవరింట్లో బల్బు వాళ్లు మార్చుకుంటామా? 'యు' కోడులకు కూడా ఇటువంటి ఉపాయమే వున్నది. కంప్యూటర్లు మాట్లాడుకునే రెండు తీగెల పద్ధతిని జర్మనీలోని బాష్ కంపెనీ వారు 1986లో లోకానికి చూపించారు. ఆ జంట తీగెల రెండు చివరలా 120 ఓముల రెసిస్టర్లు వుంటాయి. బ్యాటరీ తీసేసి గూటిలో ఆరో పిన్నుకూ పద్నాలుగో పిన్నుకూ మధ్య కొలిస్తే, చాలా బండ్లలో 60 ఓములు రావాలి. 120 వచ్చిందంటే ఎక్కడో ఒక వైపు తెగినట్టే. కంప్యూటరు అమ్మేవాడికి డబ్బు కట్టబోయే ముందు యీ కొలత అడగటంలో తప్పులేదు.

మన డెల్టాలో యీ తీగెల జబ్బుకు ప్రత్యేకించి రెండు కారణాలున్నాయి. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయినప్పటినుంచీ మనకు నీళ్లకు కొదవలేదు, చెమ్మకూ కొదవలేదు. రాగికి చిలుము, ఇనుముకు తుప్పు ఇంటింటి చుట్టాలు. కారు ఎర్తు తీగెలు బాడీకి బిగించే బోల్టు కింద ఆ తుప్పు చేరితే, పైకి బిగువుగానే కనిపిస్తుంది, లోపల కరెంటు పారదు. విప్పి, గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ బిగిస్తే చాలు. రెండోది ఎలక. వరి చేలూ, రైస్ మిల్లులూ, వూక గుట్టలూ, కోళ్ల ఫారాలూ వున్నచోట ఎలకలుండక ఏమవుతాయి? రాత్రిపూట వెచ్చగా వుండే ఇంజను వాటికి విడిది ఇల్లు. దీనికి పొగాకు కాడలు కట్టేవారూ, కలరా వుండలు వేసేవారూ వున్నారు. నాకు వాటిమీద అంత నమ్మకం లేదు. వూక గుట్టలకు, దాణా బస్తాలకు దూరంగా బండి పెట్టటం, వారానికి ఒకసారి బానెట్టు ఎత్తి గడ్డిపోచలు, పెంటికలు వున్నాయేమో చూడటం మేలు. అది ఐదు నిమిషాల పని. ఇల్లాలు దేవుడి గూడు దులిపేంత శ్రద్ధ వుంటే చాలును.

ఇంతకీ వర్కుషాపుల వారినే ఆడిపోసుకోవటం న్యాయం కాదు. సామాను డబ్బాలో పెట్టి ఇస్తే ఐదు వేలైనా మాట్లాడకుండా కడతాం. రెండు గంటలు మీటరు పట్టుకుని వెతికి, "తీగె తెగిందండి, అతికాను, వెయ్యి ఇవ్వండి" అంటే, "ఒక్క తీగెకు వెయ్యా?" అని రంకెలు వేస్తాం. వెతకటానికి డబ్బు ఇవ్వని చోట వెతికేవాడు మిగలడు, మార్చేవాడే మిగులుతాడు. మా మేస్త్రీ దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్లు ఇద్దరు సామాను అమ్మే కొట్లలో చేరారు. వాళ్లను తప్పుపట్టటానికి నాకు నోరు రాలేదు. బండి అప్పగించేటప్పుడే, "వెతికినందుకు కూలి వేరే ఇస్తాను, కోడు చెరపకుండా రాసివ్వండి, మార్చేముందు సరఫరా, ఎర్తు, తీగె కొలిచి చూపించండి, తీసిన సామాను నాకివ్వండి" అని చెబితే సగం పేచీ అక్కడే తీరుతుంది. కొలవటం తెలిసినవాడు యీ మాటలకు సంతోషిస్తాడు. తెలియనివాడు మొహం చిట్లిస్తాడు. అదీ ఒక పరీక్షే.

దీపం విషయం కూడా ఇంట్లో బండి నడిపే వారందరికీ తెలిసివుండాలి. పసుపు దీపం నిలకడగా వెలుగుతూ, బండి మామూలుగా నడుస్తుంటే కంగారు పడనక్కరలేదు; ఒకటి రెండు రోజుల్లో చూపించుకోవచ్చు. అదే దీపం కొట్టుకుంటూ వెలుగుతుంటే, ఇంజనులో పెట్రోలు సరిగా మండటం లేదని అర్థం. మండని పెట్రోలు సైలెన్సరు దారిలో వున్న కెటలిటిక్ కన్వర్టరులోకి పోయి దాన్ని కాల్చేస్తుంది. అది ఖరీదైన సామాను. నెమ్మదిగా పక్కకు తీసి ఆపాలి. నూనె బొమ్మతో ఎర్ర దీపం వెలిగితే అసలు ముందుకు పోనేకూడదు. దీపం ఎటువంటిదైనా సరే, నడుస్తూ నడుస్తూ ఆగిపోయిన బండిని, కారణం దొరికే దాకా కాలవగట్టు మీదికి తీసుకువెళ్లకండి.

కోడు చదివే పరికరం మనమే కొనుక్కోవచ్చునా అని కొందరు అడుగుతున్నారు. కొనుక్కోవచ్చు. వెయ్యి రూపాయల లోపు దొరికేవి కూడా ఫోనుతో కలిసి ఇంజను కోడులు చదువుతాయి; బ్రేకులవీ, గాలిసంచులవీ చదవాలంటే ఇంకా మంచిది కావాలి. ఒక్క జాగ్రత్త చెబుతాను. గూటిలో పదహారో పిన్నుకు బ్యాటరీ కరెంటు ఎప్పుడూ వస్తూనే వుంటుంది, తాళం తీసేసినా సరే. పని అయిపోగానే పరికరం పీకి ఇంట్లో పెట్టుకోండి. అలాగే వదిలేసి పెళ్లికి వారం రోజులు వూరు వెళ్లివస్తే, తాళం తిప్పినప్పుడు బండి పలకదు.